చేపకి కన్ను పెట్టే రోజు: పేటలో డెంగీ మీద నాటకం కట్టడం ఎలా

ప్రశ్న సారాంశం ఇది. విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక మత్స్యకారుల పేటలో తొమ్మిదిమంది కాలేజీ పిల్లలు డెంగీ మీద వీధి నాటకం మూడుసార్లు వేశారు. జనం బాగానే వచ్చారు, చప్పట్లు కొట్టారు. నెల పోయాక వెళ్లి చూస్తే డ్రమ్ముల్లో తోకపురుగులు (దోమ పిల్లలు) అలాగే ఉన్నాయి. అక్కడ కుళాయి రోజు విడిచి రోజు, గంటసేపు వస్తుంది. ఇక నాటకం మానేసి గోడల మీద బొమ్మలు వేయాలా, లేకపోతే తప్పెటగుళ్ల జానపద నాట్యం ఆడేవాళ్లని పిలవాలా?

నాటకం మానకండి, కథ మార్చండి. మీరు పెట్టిన స్క్రిప్టులో దోమ వేషం ఉంది, డాక్టరు వేషం ఉంది, ఆఖర్న "నీళ్లు నిల్వ ఉంచకండి" అని పాట ఉంది. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లొచ్చే పేటలో ఆ మాట ఎవరు పాటించగలరు? నీళ్లు నిల్వ చేసుకోవడం ఆ ఇల్లాలి తప్పు కాదు, ఆమె రోజువారీ పని. మీ నాటకం ఆ పనినే తప్పు పట్టింది. వాళ్లు మీ కష్టానికి చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి మళ్లీ డ్రమ్ము నింపుకున్నారు. అందులో వాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు.

కళతో ఊళ్లో ఏదైనా మార్చాలనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: చూసినవాళ్లు మర్నాడు పొద్దున్న చేతులతో ఏ పని చెయ్యాలి? "అవగాహన పెరగాలి" అంటే లాభం లేదు. చేతికి అందే పని ఒకటి కావాలి, అది చేశారో లేదో మనం వెళ్లి చూడగలగాలి. ఆ పని దొరికేదాకా రిహార్సల్ మొదలుపెట్టకండి. డెంగీ విషయంలో ఆ పని డ్రమ్ములోనే దొరుకుతుంది, కాబట్టి కాసేపు దోమ సంగతి చెప్పుకుందాం.

డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పెరుగుతుంది. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం పొద్దువాలే ముందూ. పుట్టిన చోటు నుంచి మామూలుగా వందా రెండొందల మీటర్లు దాటి పోదు, అంటే మన వీధి దోమ మన వీధిదే. అన్నిటికంటే ముఖ్యం, అది గుడ్లని నీళ్లలో వదలదు. నీటిగీతకి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి అంటిస్తుంది. డ్రమ్ము బోర్లించి నీళ్లన్నీ పారబోసినా గుడ్లు గోడకే ఉంటాయి, ఎండి కూడా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డు పొదిగి, పురుగై, దోమై ఎగరడానికి మన వేడికి వారం నుంచి పది రోజులు. అందుకే పారబోయడం సగం పని కూడా కాదు, అసలు పని తోమడం.

ఇప్పుడు కుళాయి లెక్క వేయండి. రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ప్రతి మూడో కుళాయికి తోమితే ఆరు రోజులకోసారి తోమినట్టు. పురుగు దోమ అయ్యే గడువుకన్నా అది తక్కువ. "వారానికోసారి" అని చెప్తే ఏ వారం అన్నది జారిపోతుంది. ఆ ఇంట్లో రోజులు లెక్కపెట్టేది కేలండరుతో కాదు, కుళాయితో. పైగా కుళాయి వచ్చే గంటకి ముందు డ్రమ్ము దాదాపు అడుగంటి ఉంటుంది. మిగిలిన బిందెడు నీళ్లు గిన్నెలకో బాత్రూముకో వాడేసి, అప్పుడు తోమి, వెంటనే కొత్త నీళ్లు పట్టుకోవచ్చు. నీళ్లు పెద్దగా వృథా కావు. కుళాయి ఎప్పుడైనా తప్పిపోతే డ్రమ్ము తనంతట తనే ఖాళీ అవుతుంది కదా, ఆ రోజే తోమెయ్యమనండి, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

తోమడంలోనూ ఒక ఇబ్బంది ఉంది, అది డ్రమ్ము పక్కన నిలబడితేగానీ తెలియదు. రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము ఎత్తు మూడడుగుల దగ్గర. పొట్టిగా ఉండే మనిషి చెయ్యి అడుగు దాకా అందదు. లోపలికి వంగితే నడుం పట్టేస్తుంది. నాలుగడుగుల కర్ర చివర కొబ్బరిపీచు గట్టిగా కట్టిస్తే పని సగానికి తగ్గుతుంది. నీటిమట్టం రోజుకో చోట ఉంటుంది కాబట్టి అంచు నుంచి అడుగు దాకా గోడంతా రుద్దాలి. కడిగిన నీళ్లు ఎండిన నేల మీద పొయ్యాలి. మూతకి పాత నూలు చీర రెండు మడతలు వేసి సైకిలు ట్యూబు ముక్కతో బిగించాలి. వదులుగా కడితే గుడ్డ మధ్యలో గుంట పడి అక్కడే నీళ్లు నిలుస్తాయి. వలగుడ్డ పనికిరాదు, కళ్లు పెద్దవి, దోమ సులువుగా దూరుతుంది. సిమెంటు గాబులు కొన్నిటిని ఖాళీ చెయ్యడం కుదరదు, వాటిని మీరు ముట్టుకోకండి. మలేరియా విభాగం వాళ్లని అడిగితే తోకపురుగుల్ని తినే గంబూషియా చేపలు వదలడమో మందు వెయ్యడమో చేస్తారు.

పేటలో డ్రమ్ములొక్కటే కాదు. విరిగిన థర్మోకోల్ ఐసుపెట్టెలు, వాడకం లేని రోలు, టైర్లు, కొబ్బరిచిప్పలు ఉంటాయి. వాటి గురించి నాటకంలో ఒక్క మాట కూడా వద్దు. ఒక ఆటలో ఒక్క పనే ఇమిడేది. వాటిని ప్రదర్శనకి ముందురోజు పిల్లలతో కలిసి ఏరేస్తే సరిపోతుంది.

ఇక ఆట. మీకు కావాల్సింది చూసేవాళ్లు మధ్యలో లేచి వచ్చి ఆడే నాటకం. 1970ల్లో లాటిన్ అమెరికాలో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ దీనికి రూపం ఇచ్చాడు. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి సంస్థ ఏళ్లుగా పల్లెల్లో తాగుడు, ఇంటి హింస మీద ఈ పద్ధతిలోనే ఆడుతోంది. సూత్రం చిన్నది. మొదట ఒక చిన్న కథ ఆడతారు, అది చెడుగా ముగుస్తుంది. తర్వాత అదే కథ మళ్లీ మొదలుపెడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆగు" అని చప్పట్లు కొట్టి, చిక్కుల్లో ఉన్న పాత్ర స్థానంలోకి వచ్చి తను ఎలా చేస్తుందో చేసి చూపించవచ్చు. సలహా నోటితో చెప్పడం కాదు, ఆడి చూపించాలి. తేడా అంతా అక్కడే ఉంది: నలుగురి ముందు ఒకసారి అత్తకి బదులు చెప్పిన కోడలికి ఇంట్లో చెప్పడం అంత కష్టం కాదు.

మొదటి ఆట పది నిమిషాలు దాటకూడదు. మూడు దృశ్యాలు చాలు. తెల్లవారుజామున కుళాయి దగ్గర బిందెల వరస. పగలు నర్సమ్మ డ్రమ్ములో టార్చి వేసి పురుగులు చూపించడం, అత్తా కోడళ్ల మాటామాటా. మూడోది పిల్లాడికి జ్వరం, కేజీహెచ్‌లో (విశాఖ పెద్దాసుపత్రి) ఓపీ వరస, కూలి పోయిందని మొగుడి చిరాకు. ఆఖర్న కోడలు పీచు పట్టుకుని నిండు డ్రమ్ము ముందు కదలకుండా నిలబడిపోవాలి. అక్కడ ఆపండి. పాట వద్దు, నీతి వద్దు.

రెండో దృశ్యం ఇలా నడవాలి:

"ఏటే నూకాలూ, నిండు డ్రమ్ము పారబోస్తావా? నాలుగింటికి లేచి నాను పట్టిన నీళ్లే అవి."

"నర్సమ్మ సెప్పింది అత్తా, పురుగులున్నాయంట."

"పురుగులేటి? మా కాలంలో నేవా? గుడ్డేసి వడగట్టుకుంటే సరి. ఒగ్గీయే."

"గుంటడికి జొరమొస్తే ఆసుపత్రికి ఎవులు తిరుగుతారు?"

"నాకు తానానికి నీళ్లుంచి మీరేటైనా సేసుకోండి. నాను పడుకుంటాను."

ఆఖరి మాట మొగుడు అప్పన్నది. గమనించండి, ఈ ముగ్గురిలో చెడ్డవాళ్లు లేరు. అత్త పైడమ్మకి నీళ్ల విలువ తెలుసు, అప్పన్న రాత్రంతా వేటకెళ్లి వచ్చాడు, నూకాలుకి పిల్లాడి భయం. ముగ్గురి మాటా న్యాయంగానే ఉండాలి. అత్తని గయ్యాళిగా ఆడిస్తే ఆ వయసు ఆడవాళ్లంతా మీకు దూరమవుతారు, డ్రమ్ము మీద పెత్తనం వాళ్లదే. మగవాళ్లని తాగుబోతులుగా చూపిస్తే పేట పెద్దలు రెండోసారి రానివ్వరు. రానివ్వకపోవడమే సబబు.

యాస గురించి గట్టిగా చెప్పాలి. ఉత్తరాంధ్ర మాటని సినిమాలు ఏళ్ల తరబడి నవ్వులాటకి వాడుకున్నాయి. నగరంలో చదువుకునే పిల్లలు ఆ యాసని సాగదీసి పలికితే జనం నవ్వుతారు, ఆ నవ్వులో ఒక నొప్పి ఉంటుంది. మీకు సహజంగా రాకపోతే మీ మాటలోనే ఆడండి, అత్త, కోడలు పాత్రలకి మాత్రం పేటలోని ఇద్దరు ఆడవాళ్లని అడగండి. డ్వాక్రా సంఘం లీడరుతో మాట్లాడితే దొరుకుతారు. సంభాషణలు కాగితం మీద రాసివ్వకండి. సన్నివేశం చెప్పి, "మీరైతే ఏమంటారు?" అని అడిగి, వాళ్లన్నదే ఉంచండి. వేషం వేసినవాళ్లకి ఆ పూట కూలి ఇవ్వండి. చేపలమ్ముకునే మనిషి సాయంత్రం రెండు గంటలు మీకిస్తే ఆమె బేరం పోయినట్టే.

రెండోసారి ఆడేటప్పుడు భారమంతా సూత్రధారి మీద పడుతుంది. మీ తొమ్మిదిమందిలో బాగా మాట్లాడేవాళ్లని కాకుండా బాగా వినేవాళ్లని ఆ పనికి పెట్టండి. మొదటి పిలుపుకి ఎవరూ లేవరు. ఆ నిశ్శబ్దానికి భయపడి మీరే మాట్లాడేస్తే ఆట అక్కడితో పోయింది. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. అప్పటికీ ఎవరూ రాకపోతే, "పక్కనున్న మనిషితో రెండు నిమిషాలు మాట్లాడండి, నూకాలు ఎక్కడ ఇంకోలా చేసుండొచ్చు?" అని అడగండి. గుసగుసలు మొదలవుతాయి. అప్పుడు బాగా మాట్లాడుతున్న ఒకామె దగ్గరికెళ్లి, "ఇక్కడికొచ్చి చూపిస్తారా అక్కా?" అంటే సాధారణంగా వస్తుంది. మీ మనిషినే జనంలో కూర్చోబెట్టి లేపించే ఎత్తుగడ వద్దు. పేట చిన్నది, కొత్త ముఖం అందరికీ తెలుస్తుంది. పిల్లల్ని మొదట పిలవకండి, వాళ్లు వేదికెక్కితే ఇది పిల్లలాట అని పెద్దవాళ్లు కూర్చుండిపోతారు.

లేచి వచ్చినవాళ్లకి ఎదురు ఆడేవాళ్లకి ఒక నియమం ఉండాలి. వెంటనే ఒప్పుకోకూడదు, ఎప్పటికీ ఒప్పుకోకుండానూ ఉండకూడదు. పైడమ్మ మూడు మాటల దాకా ఎదురు నిలవాలి. నాలుగో మాటలో నిజంగా బలముంటే తగ్గాలి. వెంటనే ఒప్పుకుంటే చూసేవాళ్లు నమ్మరు, మా అత్త ఇలా ఉండదు అనుకుంటారు. అసలు ఒప్పుకోకపోతే వచ్చినామె చిన్నబోయి వెళ్లిపోతుంది, తర్వాత ఇంకెవరూ రారు. ఈ ఒక్క విషయం మీద రెండు రిహార్సళ్లు పూర్తిగా పెట్టండి, నటులు వంతులవారీగా నూకాలు అయి కొత్త కొత్త వాదనలు తేవాలి.

కొందరు వచ్చి, "గవర్నమెంటు రోజంతా నీళ్లిస్తే ఈ గొడవే లేదు" అంటారు. మాట నిజం, కానీ రేపు పొద్దున్నకి అయ్యేది కాదు. కొట్టిపారెయ్యకండి. "ఇది రాసుకుందాం" అని జనం ముందే ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించి, "రేపటి కుళాయికి ఏం చేద్దాం?" అని మళ్లీ డ్రమ్ము దగ్గరికి తీసుకురండి. ఆ చార్టుతో తర్వాత పని ఉంది. తాగొచ్చిన మనిషి మధ్యలో దూరితే వాదించొద్దు. అతనికి కుళాయి పట్టుకునే పని అప్పజెప్పి, "నీళ్లొస్తే చెప్పు బావా" అనండి. పేట కుర్రాడెవరైనా మెల్లిగా తీసుకెళ్తాడు.

మూడో కుళాయి లెక్క మీరుగా ప్రకటించకూడదు. ఎక్కువసార్లు అది జనంలోంచే వస్తుంది. ఎవరో ఒకామె, "నిండు డ్రమ్ము ఎందుకు పారబొయ్యడం, అడుగంటినప్పుడు తోముకోవచ్చు కదా" అంటుంది. సూత్రధారి ఆ మాటని అందుకుని, "ఎన్ని కుళాయిలకోసారి?" అని అడగాలి. దోమకి ఎన్ని రోజులు పడుతుందో నర్సమ్మ పాత్ర చెప్పాలి. లెక్క జనమే కట్టాలి. తమ నోటి నుంచి వచ్చిన లెక్కని వాళ్లు మర్చిపోరు. అరగంటలో అది రాకపోతే అప్పుడు నర్సమ్మ అడగవచ్చు.

మొత్తం ఆట ముప్పావుగంట. అంతకు మించితే పొయ్యి మీద అన్నం గుర్తొస్తుంది.

ఆటకి ముందు ఒక సీసా సిద్ధం చేసుకోండి. వెడల్పు మూతి ఉన్న తెల్లటి గాజు సీసాలో, ఆ పేటలోనే ఒక డ్రమ్ము నుంచి తెల్ల గరిటెతో ముంచిన నీళ్లు, పదో పదిహేనో తోకపురుగులు. ఎవరింటివో చెప్పకండి. మూతికి పల్చటి గుడ్డ కట్టి రబ్బరు వెయ్యండి. రెండో దృశ్యంలో నర్సమ్మ ఆ సీసాని ఫోను టార్చి ముందు పట్టుకుని వరసలో మొదట కూర్చున్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. పురుగులు తలకిందులుగా, తోక నీటి పైపొరకి ఆనించి వేలాడుతూ ఉంటాయి. అక్కడి నుంచే గాలి పీల్చుకుంటాయి. మీదుగా చెయ్యి నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోతాయి, కాసేపటికి మళ్లీ ఒక్కొక్కటీ పైకి వస్తాయి. ఇది చూపించండి, ఏమీ మాట్లాడకండి. గుడ్డతో వడగట్టుకుంటే సరి అన్న పైడమ్మ మాట అప్పటికి జనం చెవుల్లో ఉండాలి. కామా ఆకారంలో ముడుచుకున్నవి కనిపిస్తే అవి రెండు రోజుల్లో దోమలవుతాయి, కాబట్టి ఆట అయిన వెంటనే సీసాలో మరిగే నీళ్లు పోసి, ఎండిన మట్టి మీద ఒంపెయ్యాలి. గెడ్డలో (కాలవలో) పొయ్యకండి.

చోటు, వేళ. ఇసక మీద ఆడాలని మీకు సరదాగా ఉంటుంది, కానీ కెరటాల హోరులో అరవై మందికి మించి మాట వినపడదు. ఒక వరస ఇళ్లు అవతల, సముద్రానికి వీపు పెట్టిన గోడ ముందు ఆడండి. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని నటులు ఆ వైపు నిలబడితే మాట జనం మీదికి పోతుంది. ఇరవై అడుగుల వలయం, నూటయాభై మంది దాకా మైకు లేకుండా సరిపోతుంది. చేతిమైకు పట్టుకుని డ్రమ్ము తోమలేరు, పైగా జనంలోంచి వచ్చినామె మైకు చూడగానే బిగుసుకుపోతుంది. చీకటి పడ్డాక అయితే యాభై వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, పదడుగుల వెదుళ్లకి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా. ఎదురుగా ఒకటే పెడితే నటుడి ముఖం తెల్లబోయి, నీడ జనం మీద పడుతుంది. వైరు జాయింట్లు నేల మీద వదలకండి, పక్కనే నీళ్లున్నాయి.

కాలం విషయంలో మీకొక అనుకూలం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, మగవాళ్లు ఇంటి దగ్గర ఉంటారు. రిహార్సల్‌కీ, మొదటి ప్రదర్శనలకీ అంతకంటే మంచి రోజులు దొరకవు. వానలు, డెంగీ ఆ తర్వాతే. కుళాయి వచ్చే గంటలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పోలీస్ స్టేషన్‌లో తేదీ, వేళ, చోటు రాసి ఒక ఉత్తరం ఇవ్వండి, లౌడుస్పీకరు వాడితే రాత్రి 10 తర్వాత చట్టం ఒప్పుకోదు. స్టేషన్‌కన్నా ముందు పేట పెద్దల దగ్గరికి వెళ్లాలి. ముఖ్య అతిథిని పిలవకండి. ఆయన ఆలస్యంగా వచ్చి మాట్లాడేసరికి మీ జనం చెదిరిపోతారు.

తప్పెటగుళ్ల సంగతి. పదిహేను ఇరవైమంది గుండె మీద తప్పెటలు కట్టుకుని ఒక్క ఊపుతో ఆడే కళ అది, ఏళ్ల సాధన. ఆ గజ్జెల చప్పుడికి వీధంతా కదిలొస్తుంది. జనాన్ని పోగు చెయ్యడానికి, ఆఖర్న సందడికి వాళ్లని పిలిచి తగిన డబ్బిచ్చి ఆడించండి. వాళ్ల పాటలో డెంగీ మాటలు ఇరికించమని మాత్రం అడగకండి, పాటా పాడవుతుంది, మాటా అందదు. కథ చెప్పడానికి బుర్రకథ పద్ధతి నుంచి ఒకటి తీసుకోవచ్చు. అందులో కథకుడికి రెండువైపులా ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. చూసేవాళ్ల మనసులో ఉన్న సందేహాన్ని వంత ముందే అడిగేస్తాడు. షేక్ నాజర్ ఆ కళని ప్రజా సమస్యలకి ఎంత పదునుగా వాడారో తెలిసిన విషయమే. మీ సూత్రధారికి అలాంటి వంత ఒకరు పక్కనుంటే ఆట కుంటుపడదు. ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ శాఖలో అడిగితే శరీర కదలిక, గొంతు మీద రెండు మూడు పూటలు నేర్పేవాళ్లు దొరకవచ్చు. సినిమా పాట బాణీ వాడకండి, జనం గుర్తుపెట్టుకునేది సినిమానే.

గోడ బొమ్మల గురించి అడిగారు. పెద్ద గోడ మీద పెద్ద దోమ వెయ్యడం శుద్ధ దండగ, వారంలో అది అలవాటైపోయి ఎవరికీ కనిపించదు. బొమ్మ ప్రతి గుమ్మం దగ్గరా ఉండాలి, ఇంటివాళ్ల చెయ్యి రోజూ దాని మీద పడాలి. మూడు కుళాయిల లెక్కని అందులోనే పెట్టవచ్చు. అడుగు పొడవున ఒక చేప ఆకారాన్ని ముదురు నీలం రంగులో నిండుగా, లోపల గీతలేవీ లేకుండా గుమ్మం పక్కన అచ్చు వెయ్యండి. మొదటి కుళాయికి ఇంటివాళ్లు సుద్దతో పొలుసులు గీస్తారు. రెండోదానికి తోక గీతలు. మూడోదానికి కన్ను. కన్ను పెట్టాలంటే ముందు డ్రమ్ము తోమాలి. తర్వాత తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. వాకిలి ఉన్న ఇంట్లో ముగ్గుతో వేసుకుంటామంటే సరే. అన్ని మతాలవాళ్లూ ఉండే పేటలో చేప ఎవరికీ పరాయిది కాదు, అందుకే ముగ్గునే తప్పనిసరి చెయ్యకండి.

అచ్చుకి పాత ఎక్స్‌రే ఫిల్ము మంచిది, బ్లేడుతో చక్కగా తెగుతుంది, వంకర గోడకి కూడా అతుక్కుంటుంది. రంగు బయటి గోడల ఎమల్షన్, మెరుపు లేనిది. మెరిసే రంగు మీద సుద్ద నిలవదు. కుంచె వాడితే అచ్చు కిందికి రంగు కారి చేప ఉబ్బిపోతుంది. స్పాంజి ముక్కని రంగులో అద్ది, ముందు కాగితం మీద ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాక తట్టాలి. రెండు పూతలు, మధ్య రెండు గంటలు. లీటరు రంగు ఇంచుమించు వంద చేపలకి వస్తుంది. సముద్రపు గాలికి గోడల మీద ఉప్పు పేరుకుంటుంది, దాని మీద వేస్తే తొలకరికే పొక్కులు లేస్తాయి. అంత మేర మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, సున్నం ఉంటే గీకి, ఒక పూత ప్రైమరు వేసి అప్పుడు అచ్చు వెయ్యండి. ఇంటివాళ్లని అడక్కుండా ఏ గోడనీ ముట్టుకోవద్దు, అద్దె ఇళ్లయితే ఓనరుని కూడా అడగాలి.

దీనిలో వచ్చే చిక్కు ముందే చెప్తున్నాను. పిల్లలు సరదాపడి తోమకుండానే కన్ను పెట్టేస్తారు. దాన్ని తప్పుగా చూడకండి. పదిళ్లకి ఒకటి చొప్పున చీటీ తీసి, ఆ ఇళ్లకి నూకాలు వేషం వేసినామె వెళ్లి, "మీ చేపకి కన్నొచ్చింది, డ్రమ్ము చూడొచ్చా?" అని అడిగితే చాలు. పాత్ర పేరుతోనే ఆమెని పలకరిస్తారు, తలుపు తీస్తారు. ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో కలిసి వెళ్తే ఇంకా మంచిది. పురుగులు దొరికినవాళ్ల పేర్లు ఎక్కడా రాయకూడదు, చదవకూడదు.

మీకు నిజంగా పనిచేసిందో లేదో తెలియాలంటే లెక్క నాటకానికి ముందే మొదలవ్వాలి. వంద ఇళ్లు తీసుకుని, ఇద్దరు చొప్పున, టార్చీ తెల్ల గరిటే పట్టుకుని నీళ్లున్న ప్రతి పాత్రా చూడండి. మూడు సంఖ్యలు రాసుకోవాలి: చూసిన ఇళ్లు, పురుగులున్న ఇళ్లు, పురుగులున్న పాత్రలు. వందిళ్లలో పురుగులున్న ఇళ్లెన్నో అది హౌస్ ఇండెక్స్, వందిళ్లకి పురుగులున్న పాత్రలెన్నో అది బ్రెటో ఇండెక్స్. ఆరోగ్య శాఖ వాడేవీ ఇవే, కాబట్టి మీ కాగితం వాళ్లకి అర్థమవుతుంది. ఉదాహరణకి 30 ఇళ్లలో 45 పాత్రలు దొరికితే మొదటిది 30, రెండోది 45. నాటకం వేసిన మూడు వారాలకి, ఆరు వారాలకి, పన్నెండు వారాలకి అవే ఇళ్లు మళ్లీ చూడండి. వానలొస్తే అన్నిచోట్లా పురుగులు పెరుగుతాయి, అందుకని నాటకం వెయ్యని ఇంకో వీధిని కూడా అవే రోజుల్లో లెక్కపెట్టాలి. మీ వీధిలో సంఖ్య పెరిగినా పక్క వీధికన్నా తక్కువ పెరిగితే పని జరిగినట్టే. మూడు వారాలకి తగ్గి ఆరు వారాలకి మళ్లీ ఎక్కితే సుద్దముక్కలు అయిపోయాయో, పీచుకర్ర విరిగిందో చూడండి. చాలాసార్లు కారణం అంత చిన్నదే. ఇంటికో పీచుకర్ర, ఒక ట్యూబు ముక్క, నాలుగు సుద్దముక్కలు ఇవ్వడానికి పెట్టే డబ్బు ఫ్లెక్సీలకి, టీషర్టులకి పెట్టేదానికన్నా ముందుండాలి. నాటకం వేసిన వీధికి, పక్క వీధికి మధ్య తేడా తేలాక ఆ పక్క వీధిలోనూ ఆట వెయ్యండి. వాళ్లని ఊరికే కొలిచి వదిలెయ్యడం న్యాయం కాదు.

ఇక ఆ చార్టు. జనం చెప్పినవన్నీ దాని మీద ఉన్నాయి: కుళాయి ఏ వేళకి వస్తుందో తెలియదు, వచ్చినా ధార సన్నం, చివరి ఇళ్లకి అందదు. వాటిలో డ్రమ్ము తోమితే తీరేది ఒక్కటీ లేదు. బోల్ రియో నగరంలో 1993 నుంచి 1996 దాకా కౌన్సిలరుగా ఉన్నప్పుడు ఇలాంటి ఆటల్లో జనం లేవనెత్తిన మాటలనే చట్టాలుగా ప్రతిపాదించాడు, 13 చట్టాలు అయ్యాయి కూడా. మీకు కౌన్సిల్ లేదు, కానీ వార్డు ఆఫీసు ఉంది, నగర కార్పొరేషన్ ఉంది. చార్టులోంచి ఒక్క కోరిక తీసుకోండి, అన్నీ కాదు. కుళాయి వేళ ముందే చెప్పమన్నది అన్నిటికన్నా తేలిక, ఖర్చు లేనిదీ. నూకాలూ పైడమ్మా వేషం వేసిన ఇద్దరూ, లేచి వచ్చి ఆడిన ఆడవాళ్లూ సంతకాలు చేసి, మీ ఇండెక్స్ సంఖ్యలు కింద రాసి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి. మీరు వాళ్ల వెనక నిలబడండి. తర్వాతి ఆట ఆ రసీదుతోనే మొదలుపెట్టండి.